వెనక బెంచీ ఇక్కడే ఉండాలి

అధ్యక్ష స్థానంలో కూర్చుని, నేను మైకు పట్టుకోగానే గోడ గడియారం వైపు చూసిన మన హెడ్మాస్టరు గారికి, ఆయన పక్కన ముఖ్య అతిథిగా వేంచేసిన విద్యాశాఖ అధికారి గారికి, పెద్దలకు, ఉపాధ్యాయ మిత్రులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, కుర్చీలు చాలక కిటికీల దగ్గర నిలబడ్డ పాత విద్యార్థులకు, ముందు వరసలో చెవి మిషను సరిచేసుకుంటున్న మా భాషా మాస్టారికి, అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరును ఆఖరున చెప్పినా ఏమీ అనుకోరన్న ధైర్యంతో, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన సైన్సు మేడం గారికి నా నమస్కారాలు.

నన్ను ఎరగని వాళ్ళ కోసం ఒక మాట. బజారు మలుపులో విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం నాది. సెలవు రోజున మా ప్రార్థన మందిరంలో నాలుగు మంచిమాటలు చెప్పే పెద్దను కూడా నేనే. వారమంతా పురుగుల్ని చంపించి, సెలవు రోజున సకల ప్రాణుల మీద దయ చూపమంటారేమిటండీ అని మేడం గారు ఒకసారి అడిగారు. నేను మాట మార్చి ఎరువు ధర చెప్పాను. (నవ్వులు)

తల్లిదండ్రుల సంఘం తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. ఏం మాట్లాడాలో కూడా కొంత చెప్పి పంపించారు. అది ఆఖరున చెబుతాను. హెడ్మాస్టరు గారూ, కంగారు పడకండి, మంచినీళ్ళు తాగండి.

ఇక్కడ నా ఎడమ పక్కన గుడ్డ కప్పి పెట్టిన బహుమతి ఒకటి ఉంది. అదేమిటో హాల్లో అందరికీ తెలుసు, మేడం గారికి తప్ప. గుడ్డ కింద నుంచి కాళ్ళు కనపడుతున్నాయి కాబట్టి ఆవిడకూ ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. బయటికి కనపడిన ముక్కను బట్టి కనపడని జంతువును పోల్చుకోవడం ఎలాగో మన పిల్లలందరికీ నేర్పింది ఆవిడే కదా. ఇక దాపరికం ఎందుకు, గుడ్డ తీసేస్తున్నాను. తొమ్మిదో తరగతి గదిలోని వెనక బెంచీ. పాలిష్ పెట్టించారు, కుంటికాలు కూడా బాగుచేయించారు. దీన్ని మేడం గారి ఇంటికి పంపాలని సంఘం తీర్మానం.

ఈ బెంచీ కథ మొదలైంది నాతోనే. పాతికేళ్ళ కిందట మేడం గారు ఈ బడికి కొత్తగా వచ్చారు. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అదిగో, వాళ్ళమ్మ పక్కన కూర్చుని, నేను ఇంట్లో సంగతులు బయట పెడతానేమోనని కళ్ళతోనే బెదిరిస్తోంది చూడండి. పెడతానమ్మా, ఇవాళ ఒక్కరోజు ఓర్చుకో. ఒక సాయంత్రం ఇది బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, మనుషులకూ కోతులకూ ఎప్పుడో ఒకే తాత ఉండేవాడట నాన్నా అంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, పూర్తిగా వినకుండానే నేను చెప్పులేసుకుని బయల్దేరాను. మా తాతను నేను చూశాను, ఆయన ఎంత దర్జాగా ఉండేవాడో ఊళ్ళో సగం మందికి తెలుసు.

చీకటి పడేలోపు మా దుకాణం ముందు జనం పోగయ్యారు. మా మందిరం వాళ్ళే కాదు, వేరే వేరే మందిరాల వాళ్ళు, జన్మలో ఒకరి గడప ఒకరు తొక్కని వాళ్ళు కూడా ఆ రోజు భుజం భుజం కలిపారు. రెండు కోరికలు అనుకున్నాం. ఆ పాఠం మానేయాలి. మానకపోతే, దేవుడు సృష్టి చేసిన కథను అదే తరగతిలో, దాని పక్కనే, సరిసమానంగా చెప్పాలి. సరే, ఆ కథ ఏమిటో నలుగురం ఒక మాట అనుకుందాం అన్నాడు మేస్త్రీ ఒకాయన. అక్కడే వచ్చింది తంటా. మొదట నీళ్ళు తప్ప ఏమీ లేవు అన్నాను నేను. కాదు, మొదట ఒక గుడ్డు ఉంది, అది రెండుగా పగిలి పైచిప్ప ఆకాశమైంది అన్నాడు మేస్త్రీ. అసలు మొదలనేదే లేదు, లోకం ఎప్పుడూ ఉంది అంది ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా. మేడం గారి మీదికి వెళ్ళవలసిన వాళ్ళం అక్కడే కొట్టుకునేంత పనైంది. చివరికి, ఏదో ఒక కథ చెప్పమందాం, ఏది అన్నది తర్వాత చూసుకుందాం అని రాజీపడి మర్నాడు బడికి వెళ్ళాం. (నవ్వులు)

అప్పటి హెడ్మాస్టరు గారి గది. ఫ్యాను తిరుగుతోంది, ఆయనకు మాత్రం చెమటలు. మేడం గారు ఈ బడిలో చేరి అప్పటికి కొద్ది రోజులే. ప్రయోగశాల నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతికి ఏదో పసుపు రంగు మందు మరక. మేము చెప్పిందంతా నిలబడే విన్నారు. నేను ఏడుస్తుందనుకున్నాను, లేదా ఎదురు తిరుగుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. ఆవిడ అన్న మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తు.

"మీ కథ చెప్పమంటే చెబుతానండీ. కానీ నా తరగతిలోకి వచ్చిన ప్రతి మాటనూ పిల్లలు ఎలా తెలుసు అని అడుగుతారు. అది తప్పని తేలాలంటే ఏం కనపడాలి అంటారు. అలా కనపడితే వదిలేస్తారా అంటారు. మా పాఠాన్ని అలాగే అడుగుతున్నారు, మీ కథనూ అడుగుతారు. పరీక్ష పెడతాను, మార్కులు వేస్తాను. ఒప్పుకుంటారా?"

నేను ఒక్క నిమిషం ఆలోచించాను. మీరూ నాతో పాటు ఆలోచించండి. మా నాన్న చనిపోయేటప్పుడు ఆయన చెవిలో చెప్పిన మాటలవి. పొద్దున్నే కళ్ళు తెరిచి నేను మొదట తలుచుకునే మాటలవి. వాటిని తీసుకెళ్ళి కప్పను కోసే పళ్ళెంలో పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ పట్టకారు పుచ్చుకుని పొడిచి చూస్తే, కింద ఎర్ర సిరాతో ఐదుకు రెండున్నర అని రాస్తే! నా దేవుడికి సగం మార్కులు వేయించడానికి నేనే ఊరందరినీ వెంటేసుకుని వచ్చానా అనిపించింది. ఇంతమంది మందిరం మనుషులం ఉండి, మా కథ మర్యాద గురించి మాకు తట్టనిది ఆవిడకు తట్టింది. వద్దమ్మా, మా కథ జోలికి రావద్దు అన్నాను. మేస్త్రీ కూడా తన గుడ్డును జాగ్రత్తగా వెనక్కి తీసుకున్నాడు. (నవ్వులు)

ఒక కోరిక పోయింది, రెండోది మిగిలింది. అయితే మీ పాఠమూ మానేయండి అన్నాను. ఆవిడ మానను అన్నారు. గొంతు పెంచలేదు. ఇది అందరి బడి, ఇందులో ఎవరి ప్రార్థనా నేను చెప్పించను, ఎవరి ప్రార్థన కోసమూ పాఠం మానను, తరగతి తలుపు మాత్రం తీసే ఉంటుంది, వచ్చి విని అప్పుడు తిట్టండి అన్నారు. వినకుండా తిట్టడం అలవాటైన వాళ్ళం, మాకు ఆ షరతు చాలా కష్టంగా తోచింది.

నిజానికి నేను వెళ్ళేవాణ్ణి కాను. నన్ను వెళ్ళేలా చేసింది మా ఇల్లు. ఆ గొడవ తర్వాత మా అమ్మాయి నాతో మాట్లాడటం తగ్గించేసింది. అన్నం పెట్టమ్మా అంటే పెట్టేది, దుకాణం తాళాలేవి అంటే ఇచ్చేది, అంతే. అంతకుముందు రోజంతా వసపిట్టలా వాగే పిల్ల. ఒక రోజు నేనే గట్టిగా అడిగాను, ఏమైంది నీకు అని. అప్పుడు అంది.

"ఆ పాఠం నిజమనుకుంటే, నువ్వంటే నమ్మకం లేనట్టా నాన్నా?"

నాకు చాలా భయం వేసింది. పాఠం వల్ల కాదు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని, దీనికి నేను అవునంటానేమోనని నోరు మూసుకుని తిరిగిందే, అందుకు. మేడం గారు ఏమన్నారే అని అడిగాను. నాన్న మాట పట్టించుకోవద్దని ఆవిడ దీనికి చెప్పి ఉంటారనే అనుకున్నాను. "మీ నాన్నతో పోట్లాడకు, మీ నాన్నను వెంటబెట్టుకుని రా అన్నారు" అంది మా అమ్మాయి. మర్నాడు దుకాణం మా ఆవిడకు అప్పగించి, కూతురి వెనకాలే బడికి నడిచాను.

వరండాలో మూలకు పడేసిన ఈ బెంచీని అప్పుడే లోపలికి తెచ్చి గది వెనక వేశారు. దీనికి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాడు కదిలితే చాలు, టక్కుమనేది. నాకు కోపం వచ్చినప్పుడల్లా కదులుతాను కదా, అది టక్కుమనేది, మేడం గారు బోర్డు మీద రాస్తున్నవారల్లా ఆగి, వెనక్కి తిరగకుండానే, వెనక బెంచీ ఏదో అంటోంది, విందాం అనేవారు. మనసులో ఉన్నది దాచుకోవడానికి వీల్లేని బెంచీ ఇది.

మొదటి రోజే నా పరువు పోయింది. మేడం గారు పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. పంటకు మందు కొడితే మొదటి ఏడాది పురుగంతా చస్తుంది, నాలుగైదేళ్ళకు అదే మందు పనిచేయదు, ఎందుకు అని. ఇది నా ప్రశ్న! నా దుకాణంలో రోజూ వినే ప్రశ్న! నేను పిల్లవాడిలా చెయ్యెత్తేశాను. లేచి నిలబడి, నా దగ్గరికొచ్చే వాళ్ళందరికీ చెప్పే జవాబే చెప్పాను. ఏముందండీ, తాగుబోతుకు సారా అలవాటైనట్టు పురుగుకు మందు అలవాటైపోతుంది అని. నాలుగు దిక్కులా చూసి కూర్చున్నాను. అప్పుడు మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. నా కన్నకూతురి చెయ్యి. "కాదండీ" అంది. (నవ్వులు, చప్పట్లు)

కొట్టండి చప్పట్లు, నా పరువు పోయిన రోజుకు. ఆ తర్వాత మేడం గారు చెప్పినది నేను ఇప్పటికీ దుకాణంలో ఆ మాటలతోనే చెబుతాను. ఏ పురుగూ మందుకు అలవాటు పడలేదు. అన్ని పురుగులూ ఒక్కలా పుట్టవు. వెయ్యింట్లో ఒకదానికి పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే లక్షణం ఏదో ఉంటుంది. చచ్చినవాటికి పిల్లలు లేవు. చావని దానికే పిల్లలు, ఆ పిల్లలవి తల్లి పోలికలు. ఏటేటా మీరు మందు కొట్టి, చచ్చేవాటిని ఏరేసి, చావనివాటికి పొలం అప్పగిస్తున్నారు అన్నారు. పురుగు మారలేదు, పురుగుల సంతతి మారింది. ఎన్నో ఏళ్ళుగా నా కళ్ళ ముందు జరుగుతున్నదే, నేను అమ్మిన డబ్బాల వల్ల జరుగుతున్నదే, నాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నమే దుకాణానికి వెళ్ళి, ఒకే మందు వరసగా కొట్టకండి, మార్చి మార్చి కొట్టండి, అవసరమైతేనే కొట్టండి అని చెప్పడం మొదలుపెట్టాను. బేరం పెంచుకోవడానికి కొత్త ఎత్తు వేశాడురా అన్నారు రైతులు.

అయితే నేను ఊరికే లొంగిపోయానని అనుకోకండి. ఇంకో రోజు బెంచీ టక్కుమనిపించి లేచి, ఇన్ని చెబుతున్నారు, ఇంతకీ దేవుడున్నాడా లేడా, అది తేల్చండి అని నిలదీశాను. పిల్లలంతా వెనక్కి తిరిగారు. అది నా పాఠంలో లేదండీ, దాన్ని కొలిచే పనిముట్టు నా దగ్గర లేదు, మీ మందిరంలో పెద్దవాళ్ళను అడగండి అన్నారు. మా మందిరంలో పెద్దను నేనేనమ్మా అన్నాను. అయితే మీకే తెలియాలి కదండీ అన్నారు. (నవ్వులు) ఆవిడ ప్రార్థన చేసుకుంటారో లేదో, చేస్తే ఎవరికి చేస్తారో ఈనాటికీ నాకు తెలియదు. మా ఆవిడ కనుక్కుందామని పండో ఫలమో పట్టుకుని నాలుగుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. పండు తిని, మొక్కల గురించి మాట్లాడి పంపించారు.

వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పరీక్ష కూడా రాయాలన్నది ఆవిడ పెట్టిన నియమం. రాశాను. పాసయ్యాను. అంతకన్నా వివరాలు అడగకండి, నా పేపరు దిద్దినప్పుడు మా అమ్మాయి పక్కనే ఉంది.

ఆవిడ ఎలాంటి మనిషో అసలు తెలిసింది ఆ తర్వాత. కథను కథగా చెప్పుకోవడానికి భాష తరగతి ఉంది కదా అని మా మాస్టారితో మాట్లాడి, మమ్మల్ని అందరినీ అక్కడికి పిలిపించారు. నేను నీళ్ళ కథ చెప్పాను, మేస్త్రీ గుడ్డు కథ చెప్పాడు, నర్సమ్మ మొదలే లేని కథ చెప్పింది. ఏది నిజం అని ఎవరూ పోట్లాడలేదు, ఒకరి కథ ఒకరు నోరు తెరుచుకుని విన్నాం. ఈ వెనక బెంచీని ఇద్దరు పిల్లలు ఆ గదికి మోసుకొచ్చారు. దాని మీద మేడం గారు కూర్చున్నారు. నేను చెబుతున్నంతసేపూ ఆ బెంచీ ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు. చివర మాస్టారు పెట్టిన పరీక్ష కూడా ఆవిడ రాశారు. మాస్టారూ, ఏం వేశారు ఆవిడ పేపరు మీద? ఏమిటి? వినపడటం లేదట. నేనే చెబుతాను. వర్ణన బాగుంది, చేతిరాత బాగాలేదు అని రాశారు. (నవ్వులు)

నేను నా నమ్మకం వదులుకోలేదు. మొదట నీళ్ళు తప్ప ఏమీ లేవని పోయిన సెలవు రోజున కూడా మందిరంలో చెప్పాను. కానీ పురుగు సంగతి అడిగితే మేడం గారి మాట చెబుతాను. రెండూ ఒకే నోటితో ఎలా చెబుతావని కొందరు అడుగుతారు. వాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఈ బెంచీ ఎక్కిన రోజు నుంచి బడి విడిచే వేళకు నేను వచ్చి, మా అమ్మాయీ నేనూ బజారు పొడుగునా వాదించుకుంటూ ఇంటికి నడిచేవాళ్ళం. అది గెలిచిన రోజులున్నాయి, నేను గెలిచానని అది నన్ను అనుకోనిచ్చిన రోజులున్నాయి. మా ఇంట్లో మాట మళ్ళీ ఆగిపోలేదు. మేడం గారూ, మీరు నాకు చేసిన మేలు అది. దానికి నేను ఎప్పుడూ మీకు కృతజ్ఞత చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. (చప్పట్లు)

ఇక, సంఘం వాళ్ళు చెప్పమన్న మాట.

పోయిన వారం మన సంఘం కార్యదర్శి గారు, అంటే మా ఆవిడ తమ్ముడే, మా ఇంటికి వచ్చాడు. బావా, మేడం గారు ఎలాగూ వెళ్ళిపోతున్నారు, ఆ పాఠాన్ని కూడా ఆవిడతోనే గౌరవంగా సాగనంపుదాం, వచ్చే ఏడాది నుంచి చెప్పవద్దందాం, సభలో నువ్వంటే ఎవరూ కాదనరు, బెంచీ కూడా ఆవిడకే ఇచ్చేద్దాం, జ్ఞాపకంగా ఉంటుంది అన్నాడు. మా వాడి మాట ఎప్పుడూ తీయగానే ఉంటుంది. నేనూ సగం తల ఊపాను. వాడు వెళ్ళాక మా ఆవిడ ఒకే మాట అంది. "వచ్చే ఏడు మనవరాలు తొమ్మిదికి వస్తోంది. అది ఇంటికొచ్చి ఏదైనా అడిగితే, మీరు ఏ బెంచీ మీద కూర్చుంటారు?"

పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను. పొగకు బదులు పాలిష్ పెట్టడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. (నవ్వులు)

ఆ మర్నాడే ఇంకొకరు నా దుకాణానికి వచ్చారు. మేడం గారి స్థానంలో కొత్తగా వచ్చిన టీచరమ్మ. అదిగో, చివరి కుర్చీలో, ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని కూర్చుంది. పూలమొక్కలకు ఎరువు కావాలంది, ఇచ్చాను, తీసుకున్నా కదలలేదు. చివరికి, "బాబాయ్ గారూ, ఆ పాఠం చెప్పమంటారా, వదిలేయమంటారా? మీరు సరేనంటేనే చెబుతాను" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మీద కాదు. అంత చదువుకున్న పిల్ల, ప్రాణుల గురించి నాకన్నా వెయ్యి రెట్లు తెలిసిన పిల్ల, పురుగుమందుల డబ్బాల మధ్య నిలబడి నా అనుమతి అడుగుతోందంటే తప్పు ఎవరిది? రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెరవకూడదని చెప్పడం తేలికే, ఆ తల మనది కానప్పుడు. కొత్త ఉద్యోగం, కొత్త చోటు, ఇల్లు కూడా ఇంకా సరిగ్గా దొరకలేదు. ఒంటరిగా ఎలా నిలబడుతుంది? ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. నలుగురిలో చెప్పాలనుకున్నాను.

టీచరమ్మా, నన్ను అడగవద్దు. నన్నే కాదు, ఏ మందిరం పెద్దనూ అడగవద్దు. పాఠం చెప్పండి, తలుపు తీసి ఉంచండి. మొదటి రోజు గది వెనక ఒక ముసలాడు కూర్చుని ఉంటాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళంతా వచ్చి నా పక్కనే కూర్చోవచ్చు, చోటు చాలా ఉంది, ఇరుక్కుంటే ఇంకా ఉంటుంది. పరీక్ష పెడితే అందరం రాస్తాం. ఈ కాలి కింద వేసిన చెక్కముక్క నేను ఊడదీసేస్తాను. బెంచీ టక్కుమంటే భయపడకండి, ఆగి అడగండి. మీ ముందు మేడం గారు పాతికేళ్ళు చేసింది అదే.

మేడం గారూ, మీకు వచ్చిన బహుమతిని మీ కళ్ళ ముందే వెనక్కి తీసుకుంటున్నాను. ఇలాంటి సన్మానం ఎక్కడా జరిగి ఉండదు. మీరు తల ఊపుతున్నారు, అంతే చాలు. కావాలంటే మీరూ వచ్చి మా పక్కన కూర్చోండి, కానీ పరీక్ష రాయాలి, చేతిరాత జాగ్రత్త.

ఈ బెంచీ ఇప్పుడే, ఈ సభ ముగిసేలోపే, తొమ్మిదో తరగతి గదికి వెళ్ళిపోవాలి. ఈ చివర నేను పట్టుకుంటాను. ఆ చివర... కార్యదర్శి గారూ, బావమరిదీ, నువ్వు రావయ్యా. మీ అక్క చూస్తోంది.

(కార్యదర్శి లేచి వేదిక ఎక్కారు. చప్పట్లు)

మెల్లగా, మెట్లున్నాయి. నీ వైపు కాస్త పైకెత్తు. మేడం గారికి, పెద్దలకు, ఇంతసేపు ఓపికతో విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు చేతులూ బెంచీకే సరిపోయాయి, దణ్ణం పెట్టలేకపోతున్నాను, మన్నించండి. సెలవు.